ఫోర్క్‌లిఫ్ట్ గ్యాస్ ట్యాంకు మార్చేటప్పుడు తెల్లగా చిమ్ముతోంది, మామూలేనా?

ప్రశ్న: అందరికీ నమస్తే. టెక్సస్‌లో ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాను. ఈ మధ్యే ఫోర్క్‌లిఫ్ట్ మీద వేశారు. ప్రొపేన్ ట్యాంకు మార్చడం సూపర్‌వైజర్ ఒకసారి చూపించి వెళ్లిపోయాడు. గొట్టం విప్పగానే తెల్లగా బుస్సుమని చిమ్ముతోంది, గొట్టాన్ని ట్యాంకుకు కలిపే కప్లింగ్ మీద మంచు కడుతోంది. కొత్త ట్యాంకు పెట్టాక ఒక్కోసారి బండి స్టార్ట్ కాదు. ట్యాంకును ఎటు తిప్పి పడుకోబెట్టినా ఫర్వాలేదా? మార్చాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, మన వంటగ్యాస్ బండ నిలబడి ఉంటుంది, పైనున్న ఆవిరి బయటకొస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ ట్యాంకులోంచి వచ్చేది ద్రవం. నీ మూడు డౌట్లూ అక్కడే తేలిపోతాయి.

చిమ్ముతోందంటే గొట్టంలో ద్రవం మిగిలి ఉందన్నమాట. ముందు నిప్పుకీ వేడికీ దూరంగా, గాలి ఆడే చోట బండి ఆపు. ఇంజిన్ నడుస్తుండగానే ట్యాంకు వాల్వు కట్టేయి. గొట్టంలోది కాలిపోయి ఇంజిన్ దానంతట అదే ఆగుతుంది. అప్పుడు తాళం ఆపి గొట్టం విప్పు. చిన్నగా తుస్సుమంటే భయం లేదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చేతి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకు.

స్టార్ట్ కాకపోవడానికి తరచూ కారణం వాల్వు ఒక్కసారిగా తిప్పేయడం. లోపల ఎక్సెస్ ఫ్లో వాల్వు ఉంటుంది. గ్యాస్ ఒక్కసారిగా దూకితే గొట్టం తెగిందనుకుని మూసుకుంటుంది. వాల్వు కట్టేసి, కాసేపు ఆగి, మెల్లగా తెరువు.

ఎటు తిప్పినా ఫర్వాలేదు అనుకోవద్దు. బండి మీదున్న పిన్ను ట్యాంకు కాలర్‌లోని (వాల్వుల చుట్టూ ఉండే ఇనుప కట్టు) రంధ్రంలో కూర్చోవాలి. అప్పుడే రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి ఎక్కువైతే దానంతట అదే తెరుచుకునే వాల్వు, పైకి, ఆవిరి వైపు ఉంటుంది. అది కిందికి వస్తే ఒత్తిడి పెరిగినప్పుడు ఆవిరికి బదులు ద్రవం చిమ్ముతుంది. ద్రవం సుమారు 270 రెట్ల ఆవిరిగా మారుతుంది, ఆలోచించుకో. పిన్ను కూర్చున్నాక పట్టీలు బిగించడం మరవకు.

ఇంకొకరు: మా దగ్గర కొంచెం వాసన ఎప్పుడూ ఉంటుంది బ్రో, అలవాటైపోయింది. కప్లింగ్‌ని రెంచి పెట్టి ఇంకాస్త బిగిస్తే పోతుంది.

జవాబు: అన్నా, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఆ కప్లింగ్ చేత్తో బిగించేది. రెంచి వేస్తే మర పాడవుతుంది. లీకు తెలియాలనే గ్యాస్‌కి వాసన కలుపుతారు, అలవాటు చేసుకోవడానికి కాదు. వాల్వు తెరిచాక సబ్బునీళ్లు పూయండి, బుడగలొస్తే వాల్వు కట్టేసి బండిని పక్కన పెట్టండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లారీల్లో సరుకు ఎక్కించే డాక్ దగ్గరి గుంతల్లోకి దిగి నిలిచిపోతుంది.

ప్రశ్న వేసినవారు: థాంక్స్ అన్నా. ఇవాళ చూస్తే కప్లింగ్ లోపలి ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) చీలి ఉంది. మంచు అక్కడే కడుతోంది.

జవాబు: అయితే అది మార్చేదాకా ఆ బండి నడపకు, సూపర్‌వైజర్‌కి చెప్పి ‘వాడొద్దు’ అని ట్యాగ్ వేయించు. అన్నట్టు, ఓషా (అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధనల ప్రకారం శిక్షణ ఇచ్చి, నువ్వు నడపడం పరీక్షించాకే యజమాని నిన్ను బండెక్కించాలి. ఒకసారి చూపించి వెళ్లిపోతే అది శిక్షణ కాదు. అడుగు, మొహమాటపడకు.