పొగబండి ఎక్స్‌ప్రెస్‌ను మీరు ఎక్కడ నిలబడి చూసేవారు?

పాలమూరు_పోరడు
జడ్చర్లలో మా ఇల్లు స్టేషన్‌కు కూతవేటు దూరం. 1970ల మాట. సిగ్నల్ రెక్క వాలిందంటే చేతిలో పుస్తకం ఎక్కడిదక్కడ పడేసి ఉరికేవాళ్లం. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద నా జాగా. ఎక్స్‌ప్రెస్ ఇంజన్ ముక్కు బుల్లెట్ లెక్క గుండ్రంగా, దాని మీద నక్షత్రం. అది దగ్గరికొస్తుంటే కాళ్ల కింద నేల అదిరేది. మనవడి కోసం ఇవన్నీ రాసిపెడుతున్నా. మీరు ఏ స్టేషన్‌లో చూశారు? ఏ బండి? ఇంజన్ నంబర్లు ఎవరన్నా రాసుకున్నారా?

దేవరకద్ర_రైలుకట్ట
నాకు యాదికున్నది టోకెన్ మార్చుకునుడు. ఒంటి లైను కదా, టోకెన్ చేతికి రానిదే బండి ముందుకు పోవద్దు. ఇనుప గుండును తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద రింగుకు కట్టేవాళ్లు. ఆగని బండయితే పాయింట్స్‌మన్ రింగు ఎత్తి పట్టుకొని నిలబడేది. బొగ్గు వేసే ఫైర్‌మన్ ఇంజన్‌లోంచి నడుం దాకా వంగి, పాత రింగు కిందికి విసిరేసి, కొత్తది మోచేతికి తగిలించుకునేది. దెబ్బకు చెయ్యి కమిలిపోయేదట. రాత్రయితే కాగడా వెలుగులోనే ఇదంతా. ఒక్కసారి కూడా రింగు జారంగ నేను చూడలే.

లోకోషెడ్డు_కొడుకు
మొదటి పోస్టులో తప్పుంది, సరిచేయక తప్పదు. జడ్చర్లలో బుల్లెట్ ముక్కు ఇంజన్ వచ్చే వీలే లేదు. అది డబ్ల్యూపీ, పెద్ద లైనుది. దానికి పట్టాల మధ్య 5 అడుగుల 6 అంగుళాలు ఉండాలి. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు దాకా అప్పుడు మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఒక మీటరే ఉండే చిన్న లైను. మన లైనులో ఎక్స్‌ప్రెస్‌కైనా ప్యాసింజర్‌కైనా వైపీ, గూడ్స్‌కు వైజీ. వైపీ ముక్కు చదును. పెద్ద చక్రం డబ్ల్యూపీకి 5 అడుగుల 7 అంగుళాలు, వైపీకి 4 అడుగుల 6. మా నాయిన ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యాడు. కూత విని ఇంజన్ రకం చెప్పేటోణ్ని నేను.

పాలమూరు_పోరడు
మీ నాయినగారంటే గౌరవమే సార్. కానీ నా కండ్లతో చూసింది అబద్ధమంటారా? ఆ నక్షత్రం ఇప్పటికీ కలలోకొస్తది.

లోకోషెడ్డు_కొడుకు
అబద్ధమనలేదు. పట్టాల కొలత మాట్లాడుతున్నా. పెద్ద లైను ఇంజన్ చిన్న పట్టాల మీద ఎట్ల నిలబడతది, మీరే చెప్పండి.

భువనగిరి_మేనల్లుడు
మాది నల్గొండ టౌను. మా దగ్గరికి రైలు వచ్చిందే 1980ల్లో. అందుకని ఎండాకాలం సెలవుల్లో భువనగిరిలో మా మేనమామ ఇంటికి పోయేటోణ్ని. అక్కడ చూసిన బుల్లెట్ ముక్కును. కాజీపేట దిక్కు నుంచి వస్తూ కూత పెడితే గుట్టకు తగిలి మళ్లీ వినొచ్చేది. కిటికీలోంచి తల బయటపెట్టి కంట్లో నలుసు పడేసుకున్నవాళ్లు ఎంతమంది? మా అత్తమ్మ పైట కొంగు ఊది కంటికి కాపడం పెట్టేది.

కృష్ణ_వంతెన
గద్వాల మాది. మీరంతా ముక్కు గురించి కొట్లాడుతున్నరు, మా అవ్వకు రైలంటేనే భయం. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య 1956 సెప్టెంబరులో వంతెన కూలి బండి పడిపోయింది. వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడు దిక్కు అరియలూర్ రైలు ప్రమాదం జరిగినంక మళ్లీ ఇచ్చి దిగిపోయారు. ఆ తర్వాత మా అవ్వ కృష్ణ మీద వంతెన దాటినన్నిసార్లూ, ఆఖరి డబ్బా అవతలి గట్టు చేరేదాకా చేతులు జోడించే ఉండేది. పక్కన కూర్చున్న నాకు ఇంజన్ చప్పుడు వినబడేది కాదు, ఆమె గొణుగుడే వినబడేది.

దేవరకద్ర_రైలుకట్ట
అవ్వ మాట చదివి మనసు పట్టేసింది. ఆ రోజుల్లో సీతాఫలం గంపలు కూడా మస్తుగా ఎక్కేవి. ఆ వాసన, బొగ్గు వాసన కలిసి...

బొగ్గులేరిన_అమ్మాయి
సీతాఫలాలు, నక్షత్రాలు బాగానే యాదికున్నయి మీకు. మా అమ్మ, నాయిన మూటలు నెత్తిన పెట్టుకొని ఆ బండెక్కే పనికి పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటరు కదా, వాళ్లే. బండి మలుపు తిరిగి పొగ మాత్రమే కనబడేదాకా నేనూ తమ్ముడూ కట్ట మీద నిలబడేటోళ్లం. తర్వాత ఇంజన్ బూడిద దులిపిన కాడ సగం కాలిన బొగ్గులు ఏరుకొని ఇంటికి తెచ్చేది, రాత్రి పొయ్యికి. చురుక్కుమని వేళ్లు కాలేవి. ఇంజన్ రకం ఏదో నాకు తెల్వదు.

లోకోషెడ్డు_కొడుకు
అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ టైపు చేయలేకపోయాను. కట్ట మీద పిల్లలు కనబడితే మా నాయిన పొట్టి కూత ఒకటి వేసేవాడు. మా లైనులో చాలామంది డ్రైవర్లకు ఆ అలవాటుంది.

బొగ్గులేరిన_అమ్మాయి
ఆ పొట్టి కూత నేను విన్నా. మా కోసమేనని అప్పుడు తెల్వదు.

భువనగిరి_మేనల్లుడు
డబ్ల్యూపీని మళ్లీ చూడాలనుకునేవాళ్లు హర్యానాలోని రేవారి షెడ్డుకు పోండి. 7161 నంబరుది, 'అక్బర్' అని పేరు పెట్టారు, 1965లో చిత్తరంజన్‌లో తయారైంది.

పాలమూరు_పోరడు
పొద్దున అక్కకు ఫోన్ చేసిన. నాకు ఆరేళ్లప్పుడు పెద్దమ్మ ఊరికి పోతూ సికింద్రాబాద్‌లో బండి మారినమట. అక్కడ చిన్న పట్టాలు, పెద్ద పట్టాలు రెండూ ఉండేవి. పెద్ద లైను ప్లాట్‌ఫారం మీద నేను ఇంజన్ ముందు నుంచి కదలనని ఏడ్చిన్నట, నాయిన భుజం మీద ఎత్తుకొని చూపించిండట. నక్షత్రం అక్కడిదే అయి ఉంటది. లోకోషెడ్డు అన్నా, మీరు చెప్పిందే నిజం. జడ్చర్ల వేపచెట్టు కింద నేను చూసింది చదును ముక్కు వైపీనే. మనవడికి రెండూ రాస్తా, వేర్వేరుగా.

లోకోషెడ్డు_కొడుకు
రాయండన్నా. నంబర్లు అడిగారు కదా, ఎవరూ జవాబియ్యలే. మా నాయిన డ్యూటీ డైరీ ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది. ఏ రోజు ఏ ఇంజన్ మీద పోయిండో పెన్సిల్‌తో రాసుకునేవాడు. కొన్ని పేజీలకు చెదలు పట్టింది. ఆదివారం ఊరికి పోయి మిగిలినవి ఫొటో తీసి పెడతా.