కామెర్ల కాలం: నెలలు నిండినవాళ్ళు, హార్మోన్లు వాడేవాళ్ళు ఏం చూసుకోవాలి?

గట్టువీధి
వరద తీసిన నెల, నెలన్నరకి మన ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు కామెర్లు తేలడం కొత్తేం కాదు. నీళ్ళతో వచ్చే లివర్ వైరస్ హెపటైటిస్-ఇ గురించే అడుగుతున్నాను, బి, సి సంగతి కాదు. ఏడో నెల దాటిన ఆవిడకి కళ్ళు పచ్చబడితే ముందు ఏ పరీక్షలు చేయించాలి? పాలిచ్చే తల్లి పాలు ఇవ్వొచ్చా? హార్మోన్ మాత్రలు వేసుకునే ట్రాన్స్ అక్కలు ఆపెయ్యాలా? టీకా ఉందంటున్నారు, నిజమేనా? ఎవరింటి గోడు వాళ్ళు చెప్పుకోకుండా పనికొచ్చేవి రాయండి బాబూ.

సీరంగొట్టం
కామెర్ల పచ్చదనం ఎంతుందో చెప్పే బిలిరుబిన్ ఒక్కటీ చూసి "మూడే కదమ్మా, ఇంటికెళ్ళి రెస్టు తీసుకో" అని పంపేస్తారు చూడండి, ఒళ్ళు మండేది అక్కడే. గర్భిణికి గండం ఆ అంకెలో లేదు, రక్తం గడ్డ కట్టకపోవడంలో ఉంది. రక్తం ఎంతసేపట్లో గడ్డ కడుతుందో చూసే పి.టి., ఐ.ఎన్.ఆర్. పరీక్షలు అడగండి. ఐ.ఎన్.ఆర్. 1.5 దాటిందా, ఆ చీటీ పట్టుకుని బ్లడ్ బ్యాంకు, ఐ.సి.యు. రెండూ ఉన్న చోటికి బయల్దేరడమే. మనకి ఇటు బరంపురం ఎం.కె.సి.జి., అటు కొరాపుట్ ఎస్.ఎల్.ఎన్. మెడికల్ కాలేజీ. హెపటైటిస్-ఇ అవునో కాదో తేల్చే ఐ.జి.ఎం. రిపోర్టు వచ్చాక చూద్దాంలే అని కూర్చోవద్దు. అది రోగం పేరు చెబుతుంది, వైద్యం దాని కోసం ఆగదు.

పి.టి.కి తీసే గొట్టం నీలం మూతది, గీత దాకా నిండాలి. సగం నింపితే రక్తం గడ్డ కట్టకుండా లోపల ఉంచే సిట్రేట్ మోతాదు ఎక్కువై ఐ.ఎన్.ఆర్. లేనిపోని పెద్ద అంకె వస్తుంది. లివర్ పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగిందని మాత్రం బెంబేలు పడకండి, చివరి నెలల్లో మాయ నుంచే అది ఎక్కువ వస్తుంది.

ఇంకోటి, మన జిల్లాల్లో పచ్చ కళ్ళన్నీ హెపటైటిస్ కాదు. గజపతి, రాయగడ, కొరాపుట్ మూడూ ఫాల్సిపారం మలేరియా ఉన్న చోట్లు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు కూడా ఉంది. మలేరియా కిట్ టెస్టు అదే గంటలో చెయ్యాలి. బి.పి. ఎక్కువై ప్లేట్‌లెట్లు పడిపోతే అది వేరే దారి, గర్భం వల్లే వచ్చే లివర్ జబ్బు.

మూలిక
ఇంత హడావుడి ఎందుకండీ. నేల ఉసిరి పసరు పరగడుపున మూడు రోజులు, మీద చెరకు రసం, నూనె ఉప్పు పసుపు లేని చప్పిడి పథ్యం. తరతరాలుగా తగ్గుతూనే ఉన్నాయి.

మన్యం ఆశా
ఆ "తగ్గుతూనే ఉన్నాయి" అన్నదే మా ప్రాణానికి వస్తంది. హెపటైటిస్-ఇ మామూలు మనిషికి నాలుగు నుంచి ఆరు వారాల్లో దానంతటదే తగ్గుతాది, పేరు పసరుకి పోతాది. నెలలు నిండిన ఆడదానికి అలా కాదు. చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20, 25 మంది దాకా పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ మూడు రోజుల పసరే ఆవిడ దగ్గరున్న టైము.

ఇంక పథ్యం. ఎనిమిదో నెలలో చప్పిడి గంజి పోస్తే కడుపులో బిడ్డకేటి పెడతారు? లివర్ దెబ్బ తిన్నప్పుడు ఒంట్లో చక్కెర నిల్వలు అడుగంటుతాయి. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం అన్నం, పప్పు, అరటిపండు, పెరుగు. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినాల. ఉప్పు మాన్పించక్కర్లేదు, పొట్టలో నీరు చేరితే డాక్టరే చెబుతాడు. వాంతులతో తిండి నిలవకపోతే అదే ఆసుపత్రికెళ్ళే గుర్తు. మగతగా పడుంటే షుగరు పడిపోయిందేమో గ్లూకోమీటరుతో ముందు చూసుకోండి.

మూలిక
నేల ఉసిరి మీద పరిశోధనలు లేవా? మీకు తెలియనంత మాత్రాన నాటువైద్యాన్ని తిట్టకండి.

మన్యం ఆశా
నేల ఉసిరిని తిట్టలేదు. వేరుకి అంటుకున్న మట్టితో రోట్లో నూరి, కుళాయి నీళ్ళు పోసి వడకట్టి, కామెర్లు ముసిరిన ఊళ్ళో తాగిస్తన్నారు. అందులో ఏ ఆకులు కలిపేరో చెప్పరు. గర్భిణి లివర్ మీద ప్రయోగం చెయ్యడానికి అదా సమయం?

ప్రాణహిత ఒడ్డు
మహారాష్ట్రల మా సిరోంచ దిక్కు గింకో లొల్లి. ముంజేతి మీద కాల్చి వాత పెడుతున్రు, కడుపుతోని ఉన్నోళ్ళకు గూడ. ఐ.ఎన్.ఆర్. పెరిగిన మనిషికి వాత పెడితే ఆ పుండు నెత్తురు ఆగది, చీము పడుతది. గోదావరి దాటి పోదామా, గడ్చిరోలి పోదామా అని పంచాయితీ పెట్టుకునేలోపట రాత్రయితది.

ఓటీ సీసా
అందరూ రోగం వచ్చాక సంగతే మాట్లాడుతున్నారు. నీళ్ళ సరఫరాలో పనిచేసినవాడిని, బావి క్లోరినేషన్ నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ చర్చలో ఉంటే చెయ్యెత్తండి.

సర్పంచి బస్తా తెచ్చి బావిలో గుమ్మరించడం క్లోరినేషన్ కాదు. లెక్క కట్టాలి. బావి అడ్డం మీటర్లలో కొలిచి దాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో, 3.14తో హెచ్చించి, 4తో భాగించండి. వచ్చిన ఘనపు మీటర్లని 1000తో హెచ్చిస్తే లీటర్లు. 2 మీటర్ల అడ్డం, 5 మీటర్ల నీళ్ళుంటే 15,700 లీటర్లు. 1000 లీటర్లకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్, అంటే ఈ బావికి 40 గ్రాములు. రోగం తిరిగే రోజుల్లో దానికి రెట్టింపు, రోజూ.

పొడిని బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు ముప్పాతిక దాకా పోసి, పది నిమిషాలు వదిలెయ్యాలి. అడుగున తేరుకున్న సున్నం బావిలో వెయ్యకూడదు, నీళ్ళు కఠిన జలం అవుతాయి. పైతేట వేరే బకెట్లోకి వంపి, తాడుతో నీటి లోపలికి దించి ఆడించండి. రాత్రి చేస్తే తెల్లారేసరికి వాడుకోవచ్చు, ఎంత తక్కువైనా గంట ఆగాలి. తర్వాత క్లోరిన్ ఉందో లేదో చూసే ఓ.టి. (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తే నీళ్ళు పసుపు తిరగాలి, క్లోరిన్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములకి తగ్గకుండా. తిరగలేదంటే పొడి చచ్చిందన్నమాట. తాజాదానిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, మూత విప్పి తేమలో పెడితే ఉత్త సున్నమే మిగులుతుంది. బురద నీళ్ళు క్లోరిన్‌ని మింగేస్తాయి. ముందు పటిక వేసి తేర్చాలి.

బరంపురం బాబాయ్
బావులెక్కడున్నాయయ్యా టౌనులో? అందరివీ కుళాయిలే.

ఓటీ సీసా
అయితే మరీ అధ్వానం. మీ ఇళ్ళలో కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగుతారు కదా. నీళ్ళు రోజులో కాసేపే వదులుతారు. గొట్టంలో ఒత్తిడి లేనప్పుడు మోటారు పెడితే పగులున్న చోట పక్క కాలవలో మురుగుని పీల్చుకుంటుంది. 1955-56లో ఢిల్లీలో వేలమందికి కామెర్లు వచ్చింది యమునలో మురుగు కలిసిన నీళ్ళు పంపుల్లోకి రావడం వల్లే. ముందు మోటార్లు ఊడబీకండి.

బరంపురం బాబాయ్
మోటారు లేకపోతే మేడ మీదికి నీళ్ళు నువ్వు మోస్తావా?

మన్యం ఆశా
మోసేది మీరిద్దరూ కాదులెండి, ఇంట్లో ఆడవాళ్ళే. రోగి వాంతి బకెట్ కడిగేదీ వాళ్ళే, అదే చేత్తో అన్నం వడ్డించేదీ వాళ్ళే. నీళ్ళు మరిగించండని చెప్పి వస్తాం. మర్నాడెళ్ళి చూస్తే మరిగించిన బిందె మీద మూత, లోపల రోగికీ పిల్లలకీ సరిపడా నీళ్ళు. పక్కన కుండలో ఉన్నవి మామూలువి, అవి కోడలు తాగుతాది. అడిగితే "కట్టెలు చాలవు" అంటాది. ఆ కోడలికి ఆరో నెల. అందుకే లెక్క మనిషికి వెయ్యండి. గర్భిణికి విడిగా మూడు లీటర్ల బిందె, కాడ ఉన్న గరిటె. చెయ్యి ముంచితే మరిగించిందంతా వృథా. కట్టెలు లేని ఇంటికి క్లోరిన్ బిళ్ళలు ఇప్పించండి. ఎన్ని లీటర్లకి ఒకటో అట్ట మీద చదివి వెయ్యాలి, అన్నీ ఒకే మోతాదు కాదు. వేసి అరగంట ఆగాల.

మూలిక
చెరకు రసానికైనా అభ్యంతరం లేదుగా?

ఓటీ సీసా
రసం తప్పు కాదు, అందులో వేసే ఐసు ఏ నీళ్ళతో గడ్డ కట్టించాడో అడుగు. మిషను తుడిచే గుడ్డ కూడా ఓసారి చూడు.

గుణుపురం అక్క
హార్మోన్ల ప్రశ్నకి ఒక్కరూ జవాబివ్వలేదు, నేనే రాస్తాను.

మనలో చాలామంది డాక్టరు చీటీ లేకుండా గర్భనిరోధక మాత్రలు రోజుకి మూడు, నాలుగు వేసేస్తారు. మాలా-ఎన్ లాంటి దానిలో ఒక్కో మాత్రకి 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్, దానితో ప్రొజెస్టిన్, రెండూ ఆడ హార్మోన్ల లాంటివే. మింగినది పేగు నుంచి నేరుగా లివర్‌కే పోతుంది. పైగా మగ హార్మోన్‌ని అణిచే సైప్రోటెరోన్ కూడా వేస్తుంటే అది సొంతంగానే లివర్‌ని దెబ్బ తీయగలదు. కళ్ళు పచ్చబడ్డ రోజే రెండూ ఆపి, ఏం వేస్తున్నారో, ఎన్ని వేస్తున్నారో డాక్టరుకి చెప్పండి. దాచిపెడితే మందు చేసిన దెబ్బా వైరస్ చేసిన దెబ్బా అని వాళ్ళు తేల్చుకోలేరు. ఆపరేషన్ అయినవాళ్ళకి కొన్ని వారాలు ఆపితే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, ప్రమాదం కాదు. నెలల తరబడి ఆపితేనే ఎముకల సంగతి. లివర్ పరీక్ష ఎల్.ఎఫ్.టి. మామూలుకి వచ్చాక మళ్ళీ మొదలు. అప్పుడు చర్మానికి రాసే జెల్ గురించి అడగండి, అది లివర్‌ని ముందుగా తాకదు.

హెచ్.ఐ.వి.కి వాడే ఏ.ఆర్.టి. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. ట్రాన్స్ తమ్ముళ్ళు మగ హార్మోన్ ఇంజెక్షన్ మీద ఉంటే అదీ డాక్టరుకి చెప్పాల్సిందే. ఐ.ఎన్.ఆర్. పెరిగితే కండకి సూది గుచ్చినచోట లోపల రక్తం కారి గడ్డలా నిలుస్తుంది.

రాయగడ రైలు
ఆడవాళ్ళ ప్రాణాల గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఈ

*[మోడరేటర్: మిగతా వాక్యం తీసేశాం. ఇంకోసారైతే ఖాతా ఆపేస్తాం.]*

గుణుపురం అక్క
తీసేసినా ఏం రాశావో తెలుసు. విను. మమ్మల్ని మగవాళ్ళ వార్డులో పడుకోబెడితే, బాత్రూముకి పోవాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు మావాళ్ళు. వాంతులయ్యే మనిషికి దాని అర్థం సెలైన్ దాకా పోవడం. గురువు, చేలాలు (శిష్యులు) ఎనిమిది, పది మంది ఒకే ఇంట్లో, ఒకే మరుగుదొడ్డి, వంట చేసే చెయ్యి ఒకటే. వైరస్ మలంలో పోతుంది, కళ్ళు పచ్చబడక ముందు నుంచీ. అందుకే వంట చేసే మనిషిని మార్చాలి. మరుగుదొడ్డి గొళ్ళెం, చెంబు పిడి బ్లీచింగ్ నీళ్ళతో తుడవాలి. సబ్బు తలుపు బయట కాదు, లోపలే ఉండాలి.

బరంపురం బాబాయ్
ఆసుపత్రి ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత ఆరోగ్య పథకం బిజు స్వాస్థ్య కార్డు పట్టుకుని ఇంకా తిరుగుతున్నవాళ్ళున్నారు. 2025 ఏప్రిల్ నుంచి మన దగ్గర ఆయుష్మాన్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి పైన ఇంకో 5 లక్షలు. రోగం రాకముందే కార్డు చేయించుకోండి.

గుణుపురం అక్క
ఆధార్‌లో "పురుషుడు" అని ఉన్న మాకు ఆ పైన 5 లక్షల మాట ఎవరు చెబుతారు? జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చుకుని, దాంతో ఆధార్ మార్పించుకుని, అప్పుడు కార్డు. కళ్ళు పచ్చబడ్డాక మొదలెట్టే పని కాదిది.

సీరంగొట్టం
సరిహద్దు ఊళ్ళవాళ్ళు 108 గురించి ఒకటి గుర్తుంచుకోండి. ఫోను పాతపట్నం టవర్ పట్టుకుంటే కాల్ ఆంధ్ర కంట్రోల్ రూముకి పోవచ్చు. ముందుగా జిల్లా, బ్లాకు పేరు చెప్పండి. "మహేంద్రతనయ బ్రిడ్జి దగ్గర" అంటే వాళ్ళకి తెలియదు.

జ్వరానికి పారాసిటమాల్ డాక్టరు చెప్పిన లెక్కకి మించి వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అసలే వద్దు. ప్రసవం తొందరపెడితే కామెర్లు తగ్గుతాయన్న భరోసా లేదు, ఆ ఒత్తిడి డాక్టరు మీద పెట్టకండి. నొప్పులు వస్తే మటుకు ప్లాస్మా, రక్తం సిద్ధంగా ఉన్నచోటే కాన్పు కావాలి. కాన్పయ్యాక రక్తం ఆగకపోవడమే పెద్ద భయం. కామెర్లున్న, గర్భం లేని ఆడవాళ్ళకి నెలసరిలోనూ ఇదే చెబుతాను, గంటకో ప్యాడ్ తడుస్తుంటే చూస్తూ కూర్చోవద్దు.

హెపటైటిస్-ఇ టీకా చైనాలో 2011లో అనుమతి పొందింది, పేరు హెకోలిన్, మూడు డోసులు. 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియులో రోగం పాకుతున్నప్పుడు గర్భిణులకి కూడా వేశారు. మన మందుల షాపులో అడిగితే దొరకదు.

ప్రాణహిత ఒడ్డు
హెపటైటిస్-బి టీకా ఏసుకున్నోళ్ళు "మాకు రాదు" అంటున్రు. అది వేరే వైరస్, దీన్ని ఆపది.

గట్టువీధి
పాలిచ్చే తల్లి సంగతి అలాగే ఉండిపోయింది.

మన్యం ఆశా
తల్లికి కామెర్లు ముదిరి ఉన్నా, చనుమొన పగిలి రక్తం వస్తన్నా పాలు పిండి పారబోసి, డాక్టరు సరే అనేదాకా ఆగాల. పిండకుండా వదిలేస్తే గడ్డ కట్టి ఇంకో జ్వరం. తల్లి కోలుకుని కళ్ళు తేటపడుతున్నాయంటే ఇవ్వడం గురించి డాక్టరుని అడగండి. డబ్బా పాలు కలిపేది అదే కుళాయి నీళ్ళతో అయితే మాత్రం మళ్ళీ మొదటికే.

ఓటీ సీసా
అదే నేను మొదట్నుంచీ చెబుతున్నది. బరంపురం బాబాయ్, మోటారు తీసేశావా లేదా?

బరంపురం బాబాయ్
సంపు కట్టిస్తున్నాను గురూ. కుళాయి నీళ్ళు దానిలో పడతాయి, మోటారు సంపు నుంచి లాగుతుంది. వెయ్యి లీటర్ల సంపుకి నీ రెండున్నర గ్రాములు తూచడం ఎలాగో అది చెప్పు ముందు.

ఓటీ సీసా
నగలు తూచే చిన్న త్రాసు చాలు. పొడి ప్యాకెట్ మీద తయారైన నెల చూసి కొను.