భీష్మ ట్యాంకు బ్రిటన్ లైనప్‌లో ఎందుకుండాల? ఉమ్మడి బండ్లు ఏ దేశానికి ఇయ్యాల?

తిరుపతి_గన్నర్:
మన పక్క వార్ థండర్ (ట్యాంకులు, విమానాలతో యుద్ధం చేసే ఆన్‌లైన్ ఆట) ఆడేవాళ్ళు బాగానే ఉండారు కదా, ఈడే తేల్చుకుందామని రాస్తా ఉండా. మన టీ-90 భీష్మ ట్యాంకును తీసకపోయి బ్రిటన్ ట్రీలో, అంటే ఆటలో ఆ దేశం పేరు మీదుండే బండ్ల వరసలో పెట్టినారు, నాకది ఎంతకీ మింగుడు పడడంలా. విజయంత ట్యాంకు ఆడుందంటే ఒప్పుకుంటా, అది బ్రిటన్ కంపెనీ వికర్స్ వాళ్ళు గీసిన డిజైను, గన్ను వాళ్ళ 105 ఎంఎం ఎల్7, ఇంజనూ లేలాండ్‌దే. మరి భీష్మ? గీసింది రష్యా, 2001లో ఒప్పందం చేసుకున్నది రష్యాతో, తర్వాత తయారయింది ఆవడిలో, మనం తిరుపతి నుంచి చెన్నై రైలెక్కితే దాటిపోయే ఆవడి. ఈ కథలో బ్రిటన్ యాడా కనపడదు.

నా లెక్క ఒకటే. ఒకే బండి నాలుగు దేశాల దగ్గరుంటే, దాన్ని ఎవురి సైన్యం నడిపిందో, ఎవురు తమకు తగినట్టు మార్చుకున్నారో వాళ్ళ పేరు మీదనే రావల్ల. ఫలానా దేశం లైనప్‌లో (ఆటకు తీసకపోయే బండ్ల జట్టులో) బొక్కుంది, పక్కోడిది తెచ్చి పూడుద్దాం అనేది మాత్రం కుదరదు.

చిత్తూరు_కోట:
అన్నా, నీ బాధ అర్థమవుతోంది కానీ ఇది ఆట కదా, ఆడేవాడికి ఏం కావాలో కూడా చూడాల. బ్రిటన్ పై ర్యాంకులకు (బలమైన బండ్లుండే మెట్లకు) పోతే చాలెంజర్ ట్యాంకు, మళ్ళీ చాలెంజర్, ఇంకో చాలెంజర్. భీష్మ రావడంతో కొంచెం మార్పు వచ్చింది. పైగా ఇది మనకొక్కరికే జరిగింది కాదు. దక్షిణాఫ్రికా బండ్లు బ్రిటన్‌లో ఉన్నాయి, ఫిన్లాండ్‌వి స్వీడన్‌లో, హంగరీవి ఇటలీలో, బెల్జియం నెదర్లాండ్స్‌వి ఫ్రాన్స్‌లో, థాయ్‌లాండ్‌వి జపాన్‌లో. అందరికీ సొంత ట్రీ ఇచ్చుకుంటా పోతే ఒక్కో దేశంలో ఆడేవాళ్ళు పల్చబడిపోతారు.

ఇంకోటి. ఇండియా ట్రీ ఇచ్చారనే అనుకో, కింది ర్యాంకుల్లో ఏం పెడతావు? 1944లో ఇంఫాల్ దగ్గర మన 7వ కావల్రీ నడిపింది స్టువర్ట్, 1945లో బర్మాలో మెయిక్టిలా దగ్గర మన ప్రోబిన్స్ హార్స్, డెక్కన్ హార్స్ దళాలు నడిపింది షెర్మన్. అన్నీ అమెరికా ట్యాంకులే. అమెరికా ట్రీలో, బ్రిటన్ ట్రీలో ఒకసారి చేసిన షెర్మన్ గ్రైండే (బండి తెరుచుకునే పాయింట్ల కోసం గంటల తరబడి ఆడటం) మళ్ళీ చేయాలంటే నాకు ఓపిక లేదు.

పలమనేరు_పైలట్:
ఎవరు నడిపారో వాళ్ళదే అంటున్నావు సరే, కలిసి కట్టిన వాటి సంగతేంది? టోర్నడో యుద్ధ విమానాన్ని బ్రిటన్, జర్మనీ, ఇటలీ మూడూ కలిసి చేశాయి. జాగ్వార్ యుద్ధ విమానాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేశాయి, ఇప్పుడు నడుపుతున్నది మాత్రం మన వైమానిక దళం ఒక్కటే. నీ లెక్క ప్రకారం జాగ్వార్ ఎవరిది?

తిరుపతి_గన్నర్:
పైలట్ తమ్ముడూ, జాగ్వార్ ముగ్గురిదీ. ముగ్గురూ నడిపినారు కాబట్టి ముగ్గురికీ ఇయ్యాల, ఎవురి మోడల్ వాళ్ళకి, వాళ్ళు దానికి ఏ మిస్సైళ్ళు కట్టినారో వాటితోనే. టోర్నడోకూ అంతే. బండి అందరికీ ఇయ్యద్దని నేను యాడా అన్లేదు, సంబంధం లేనోళ్ళకు ఇయ్యద్దంటా ఉండా.

స్వీడన్‌ను చూడు. వాళ్ళ 122 ట్యాంకుకు మూలం జర్మనీ లెపర్డ్ 2నే, కానీ 120 ట్యాంకులు తీసుకుని టరెట్ (గన్ను ఉండే పై భాగం) మీద, ముందు భాగంలో, పైకప్పు మీద కవచం పెంచుకున్నారు. దాన్ని స్వీడన్ బండి అంటే ఎవురూ నోరెత్తరు. అది నడిపినోళ్ళ బండి, మార్చుకున్నోళ్ళ బండి.

కోట తమ్ముడు ఆడేవాడి సుఖం అన్నాడు కదా, ఆటలోకే పోదాం. చాలెంజర్ 2 ఎట్ల ఆడతాం? మెట్ట వెనకాల నిలబెట్టి గన్ను బాగా కిందికి దించి, టరెట్ ఒక్కటే కనపడేటట్టు పెట్టుకుని కొట్టి, టక్కన వెనక్కి లాగుతాం. లోపల నలుగురుంటారు, షెల్లు ఎక్కించేది మనిషి. భీష్మలో ముగ్గురే, ఆటోలోడర్, గన్ను అంత కిందికి దిగదు, రివర్సేమో గంటకు ఐదారు కిలోమీటర్లు దాటదు. చాలెంజర్‌కు అలవాటు పడిన చేత్తో దాన్ని మెట్ట ఎక్కించినావనుకో, వెనక్కి వచ్చే లోపలే అడుగున గుండ్రంగా పేర్చిన షెల్లలో ఒకటి తగిలి టరెట్ ఎగిరిపోతాది. 60 టన్నులు దాటిన బండీ 46 టన్నుల బండీ ఒకే లైనప్‌లో రెండు వేరే ఆటలు. మార్పు వచ్చింది అంటా ఉండావే, ఆ మార్పు బ్రిటన్ ఆటను పెంచలా, దాంట్లో ఇంకొకరి ఆటను ఇరికించింది.

సెంచూరియన్ గురించి కూడా చెప్పాల. అది నిఖార్సయిన బ్రిటన్ ట్యాంకు, ఒప్పుకుంటా. కానీ 1965లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఆపింది మన సెంచూరియన్లు, మన షెర్మన్లు. 1971 డిసెంబర్ 16న బసంతర్ దగ్గర బండి అంటుకున్నా దిగకుండా కొట్టి ప్రాణం ఇచ్చిన పూనా హార్స్ అరుణ్ ఖేతర్‌పాల్‌కు అప్పుడు 21 ఏళ్ళు. ఆయన సెంచూరియన్ పేరు ఫామగుస్తా. దాన్ని ఎవురన్నా ఆటలో పెడితే పక్కన బ్రిటన్ జెండా ఉండచ్చా? నేను ఊరుకోను. కొన్నది వాళ్ళ దగ్గరే, నెత్తురు మాత్రం మనది.

గ్రైండ్ గోల ఉంది, దానికి దారి లేకపోలేదు. షెర్మన్, స్టువర్ట్ లాంటివి ఒక దేశంలో రీసెర్చ్ చేసినోడికి రెండో దేశంలో పావు వంతు పాయింట్లకే ఇచ్చేస్తే సరిపాయ.

చిత్తూరు_కోట:
షెర్మన్ పావు వంతుకు ఇస్తానంటే నాకు సగం గొడవ తీరిపోయినట్టే. కానీ సొంత ట్రీ వచ్చేదాకా ఏం చేయాల? భీష్మను రష్యా కిందికి మార్చమంటావా?

తిరుపతి_గన్నర్:
వద్దబ్బా, అది ఇంకా అధ్వానం. భీష్మ రష్యాకు పోతే విజయంత బ్రిటన్‌లో ఉండిపోతాది, ఒకే ఆవడి ఫ్యాక్టరీలో పుట్టిన రెండు బండ్లు ఎదురెదురు నిలబడి కాల్చుకుంటాయి. మన అర్జున్ ట్యాంకు వస్తే దాన్ని యాడ పెడతారు? చాలెంజర్‌కు ఉన్నట్టే ఉండే 120 ఎంఎం రైఫిల్డ్ (లోపల మెలి గాడులుండే) గన్ను చూసి బ్రిటన్‌లోనా? అందుకే మనది మనకే ఉండల్ల. అంతదాకా బ్రిటన్ కిందనే ఉన్నా, దక్షిణాఫ్రికాకు ఇచ్చినట్టు మన జెండాతో వేరే వరస ఇచ్చి, మన బండ్లన్నీ ఆ వరసలోనే పెట్టమందాం.

పలమనేరు_పైలట్:
వరస నిండాలంటే బండ్లు చాలాల కదా అన్నా. యాంటీ ఎయిర్ (విమానాలను కొట్టే బండి) ఏముంది మనకు?

తిరుపతి_గన్నర్:
షిల్కా ఉంది, టుంగుస్కా ఉంది, రెండూ మన సైన్యం నడిపినవే. ట్యాంకుల్లో విజయంత, టీ-72 అజేయ, భీష్మ, అర్జున్. సైనికులను మోసే రష్యా కవచ బండి బీఎంపీ-2కు మనోళ్ళు పెట్టుకున్న రూపం సరథ్, దాని మీద నాగ్ మిస్సైళ్ళు ఎక్కిస్తే నామికా. విమానాల్లో అజీత్, తేజస్, ఇంకా 1961లో ఎగిరిన హెచ్ఎఫ్-24 మారుత్, దాన్ని గీసింది జర్మనీ యుద్ధ విమానం ఫోకె-వుల్ఫ్ 190 చేసిన కర్ట్ టాంకే. మధ్య ర్యాంకుల్లో తేలికపాటి ట్యాంకు పీటీ-76 పెట్టండి, 1971 నవంబర్‌లో గరీబ్‌పూర్ దగ్గర పాకిస్తాన్ చాఫీ ట్యాంకులను కొట్టింది అదే. విమానాల మధ్య ర్యాంకు నువ్వు పూర్తి చెయ్యి పైలట్ తమ్ముడూ, రాత్రికి లిస్టు పెడితే రేపు పొద్దునే డెవలపర్లకు పంపేద్దాం.