అప్‌డేట్: తిరుపతి నుంచి టార్ వేగాన్ని కొలవడం

టార్ (ఎవరు వాడుతున్నారో తెలియకుండా ఇంటర్నెట్ వాడనిచ్చే నెట్‌వర్క్) వాడేవారు ఇక్కడ నిజంగా అనుభవించే వేగాన్ని ఎలా కొలవాలని ఇదివరకు అడిగాను. ఒక్క సగటును నమ్మవద్దన్న మీ సలహా ఎంతో ఉపకరించింది. టార్ ప్రాజెక్టు వారి ఆనియన్‌పెర్ఫ్ (టార్ వేగాన్ని కొలిచే సాధనం) తరహాలో 50 కిబిబైట్లు, 1 మెబిబైటు, 5 మెబిబైట్ల ఫైళ్లను దించుకుంటూ, సర్క్యూట్ (రిలేలనే మధ్యవర్తి సర్వర్ల గుండా డేటా వెళ్లే దారి) ఏర్పడే సమయాన్నీ, మొదటి బైటు, చివరి బైటు అందే సమయాలనూ విడివిడిగా నమోదు చేస్తున్నాను. చిన్న ఫైలుకు పట్టే కాలంలో అధికభాగం మూడు రిలేల గుండా వెళ్లివచ్చే ఆలస్యమే. నా దృష్టిలో మధ్యస్థం కన్నా 95వ పర్సెంటైలే (నూటికి 95 కొలతలు దీనికి లోపే ఉండే విలువ) ముఖ్యం, ఎందుకంటే విసిగి వదిలేసేది నెమ్మది సర్క్యూట్లు దక్కినవారే. గార్డ్ రిలే (సర్క్యూట్‌లో మొదటి రిలే) సాధారణంగా నెలల తరబడి మారదు గనుక, ఒకే గార్డుతో వచ్చిన ఫలితాలను ఊరంతటికీ అన్వయించకుండా, రేణిగుంటలోని మిత్రుల ఇంటి నుంచి కూడా వేరే గార్డుతో కొలత ప్రారంభించాను. విఫలమైన ప్రయత్నాలనూ లెక్కలోనే ఉంచుతున్నాను.