బాపుకు మాట వినపడుతుంది, అర్థం కావట్లేదు

ప్రశ్న:
మాది సిరిసిల్ల. బాపు 28 ఏళ్లు మరమగ్గాల మీద పనిచేశాడు. ఈమధ్య అమ్మ పప్పు అడిగితే ఉప్పు అందిస్తున్నాడు. గట్టిగా చెప్తే "ఒర్లుతవెందుకురా" అని కోపం. గులిమి తీయిస్తే సరిపోతుందా? నేనూ అదే షెడ్డులో పనిచేస్తున్నా. డ్యూటీ దిగాక రాత్రి దాకా చెవుల్లో గుయ్యిమంటుంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, నేను ఆడియాలజిస్టుని, వినికిడి పరీక్షలు చేస్తుంటాను. గులిమి ఉందేమో ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. అయితే మీరు చెప్పేది చప్పుడు వల్ల వచ్చిన చెవుడులా ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలే. అందుకే గొంతు వినపడుతుంది కానీ ప, త, స లాంటి అక్షరాలు జారిపోతాయి. అరవకండి, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయిస్తే చెవి మెషిన్ అవసరమో కాదో తెలుస్తుంది.

ఇక మీ సంగతి. ఆ గుయ్యిమనడం హెచ్చరికే. చప్పుడు 85 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) ఉంటే రోజుకు 8 గంటలు హద్దు, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగం అవుతుంది. మగ్గాల షెడ్డులో 95 దాటడం మామూలే.

జవాబు 2:
చప్పుడు ఆపడానికి చెవుల్లో దూది పెట్టుకుంటే లాభం లేదన్నా, నేను మోసపోయాను. చెవిలో పెట్టుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్‌ని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చాలి. ఉబ్బేదాకా వేలితో ఆపి పట్టాలి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
సోమవారం బాపుని తీసుకెళ్తున్నా. నేనూ పరీక్ష చేయించుకుంటా.