పాత డోర్ కర్టెన్‌తో చేసంచి: కాడలు ఊడకుండా ఎలా కుట్టాలి?

ప్రశ్న
వైజాగ్ ఎంవీపీ కాలనీ రైతుబజారుకి పట్టుకెళ్ళడానికి చేసంచి కావాలి. ఇంట్లో పాత కాటన్ డోర్ కర్టెన్ (4 × 7 అడుగులు, పైన రింగులున్నది), డబుల్ కాట్ దుప్పటి ఉన్నాయి. మామూలు తొక్కుడు మిషను, జిగ్‌జాగ్ లేదు. ఇదివరకటి దుప్పటి సంచికి అయిదు కిలోలు పడేసరికి కాడ దగ్గర గుడ్డ చిరిగింది, దారం మాత్రం తెగలేదు. బాగా దగ్గర కుట్టే వేశాను. తప్పెక్కడ? కొలతలు కూడా చెప్పండి.

సీతమ్మధార నుంచి జవాబు
ఆ దగ్గర కుట్టే తప్పండి. సూది రంధ్రాలు పక్కపక్కనే పడితే గుడ్డ స్టాంపుల షీటులా అయిపోతుంది, బరువు పడగానే ఆ గీత వెంటే చిరుగుతుంది. అంగుళానికి 8 కుట్లు చాలు.

కర్టెన్‌లోంచి 17 × 36 అంగుళాల ముక్క ఒకటి, కాడలకి 4 × 26 ముక్కలు రెండు తీయండి. భుజానికి కాకుండా చేత్తో పట్టుకునేదైతే కాడ పొడవు 18 చాలు. పై అంచులు రెండూ ముందు అర అంగుళం, తర్వాత అంగుళం మడిచి కుట్టాలి. కాడ వచ్చే నాలుగు చోట్లా ఆ మడత లోపల చిన్న జీన్స్ ముక్క ముందే పెట్టేయండి. ముక్కని మధ్యకి మడిచి పక్కలు అర అంగుళం లోపలికి కుట్టండి. అడుగు మూలలు రెండూ త్రికోణంలా లాగి, 4 అంగుళాల వెడల్పు వచ్చే చోట అడ్డంగా కుట్టు వేస్తే సంచి నిలబడుతుంది. 12 అంగుళాల వెడల్పు, 14½ ఎత్తు, 4 అంగుళాల అడుగుభాగం వస్తుంది.

కాడ ముక్కని నాలుగు పొరలు వచ్చేలా పొడవునా మడిస్తే అంగుళం వెడల్పు పట్టీ. దాని చివర అర అంగుళం లోపలికి మడిచి, పై మడత మీద అంగుళం చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయండి. అప్పుడు బరువు ఒక్క గీత మీద పడదు.

గాజువాక
కొలతల కన్నా ముందు గుడ్డ చూడండి. దుప్పటి మధ్యభాగం ఒళ్ళు రాసుకుని పలచబడిపోతుంది, పక్కల నుంచే కత్తిరించాలి. కర్టెన్‌కి ఎండ తగిలిన వైపు పోగులు చచ్చిపోయి ఉంటాయి. రెండు చేతులతో గట్టిగా లాగితే చర్రుమన్న చోటు పనికిరాదు. కాటన్ అయితే కత్తిరించే ముందే వేడినీళ్ళలో ఉతకండి, కుట్టాక కుంచించుకుపోతే అతుకులు ముడతలు పడతాయి. కాడలు నిలువు పోగు మీదే తీయాలి, ఏటవాలుగా తీస్తే సాగి సంచి మోకాళ్ళ దాకా వేలాడుతుంది.

రింగుల దగ్గరి గట్టి పట్టీ పారేయకండి. రింగులకీ రింగులకీ మధ్య ముక్కలు కాడల కింద అతుకుగా పనికొస్తాయి.

మర్రిపాలెం
జిగ్‌జాగ్ లేకపోతే పక్క అంచులు పోగులు వదులుతాయి. దుప్పటైతే ముందు మంచివైపు బయటికి పెట్టి పావు అంగుళం కుట్టి, తిరగేసి మళ్ళీ కుట్టేయండి, అంచు లోపలే ఉండిపోతుంది. కర్టెన్‌కి ఇది లావైపోతుంది. పాత చీర అంచు మడిచి, గుడ్డ అంచుని కప్పేలా పైపింగులా కుట్టడమే మేలు. సూది 16 నంబరుది, జీన్స్ వచ్చే చోట 18 నంబరుది. దారం పాలిస్టరుది. మడతల గుట్ట మీదికి వచ్చాక తొక్కడం ఆపి చక్రం చేత్తో తిప్పండి, లేకపోతే సూది టప్పున విరుగుతుంది.

లైనింగ్ మాత్రం వద్దంటాను. మన వైజాగ్ వానాకాలం చెమ్మకి రెండు పొరలు ఆరవు, వాసన పట్టేస్తాయి. చేపలకి వేరే సంచి, అది చెప్పక్కర్లేదనుకుంటా.

అడిగినవారు
కర్టెన్ మీద ఏనుగుల వరస ఉందండి. మధ్యకి మడిస్తే ఒకవైపు తలకిందులవుతాయి కదా?

సీతమ్మధార
అవుతాయి. 17 × 18½ ముక్కలు రెండు తీసి, ఏనుగులు రెండిటా నిటారుగా ఉండేలా చూసి, అడుగున అర అంగుళం వదిలి కలపండి. ఆ అడుగు కుట్టు మాత్రం రెండుసార్లు వేయండి.