చెన్నై ఉక్కలో పగ్ కుక్క ముఖం మడతలు ఆరేదెలా?

నమస్కారమండీ. వేళచ్చేరిలో ఉంటాం. మా పగ్‌కి ముక్కు మీది మడత లోపల ఎర్రబడి, పులిసిన వాసన వస్తోంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన దూదితో రోజూ తుడిచి, పొడి గుడ్డతో అద్దుతున్నాం. అయినా ఈ ఉక్కకి కాసేపట్లోనే మళ్లీ చెమ్మ! చెమ్మ నిలిస్తే మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరుగుతుంది. పౌడర్ వేయడం లేదు, తడికి ముద్దకట్టి చర్మాన్ని ఇంకా ఒరిపిస్తుంది కాబట్టి.

ఒంటికి డాక్టరు గారు రాసిన షాంపూ, 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు), 2 శాతం మైకోనజోల్ (ఫంగస్ మందు) ఉన్నది, 10 నిమిషాలు ఉంచి కడుగుతున్నాం. ముఖానికి మాత్రం భయం. పగ్ కళ్లు ముందుకి పొడుచుకొని ఉంటాయి, క్లోర్‌హెక్సిడిన్ పడితే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) దెబ్బతింటుంది. కళ్ల దగ్గర వాడినా ప్రమాదం లేని వైప్స్ ఏవి? రోజుకి ఎన్నిసార్లు తుడవొచ్చు? తుడిచాక మడతలో పల్చగా రాసే ఆయింట్‌మెంట్ ఏదైనా పనిచేసిందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, పాపం గోడకి ముఖం రుద్దుకుంటోంది.